నేను అష్టావధానిననుకున్న రోజులు

మా రఘునాథపల్లిలో నన్ను అష్టావధాని అని పిలుస్తారు. హైవే పక్కన, బస్సులు ఆగే చోటికి దగ్గర్లో నాది జిరాక్స్, ఆన్‌లైన్ షాపు. ఒక చేత్తో కాయితాలు మిషన్‌లో పెడుతూ, ఇంకో చేత్తో కీబోర్డు కొడుతూ, చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని మాట్లాడుతూ, లామినేషన్ మిషన్ వేడెక్కిందా లేదా కంటితో కనిపెడుతూ, ఆధార్ నకలు అడిగిన ముసలాయనకు తలూపుతూ, చిల్లర ఇస్తూ ఉండేవాణ్ని. రిటైరై ఊళ్లోనే ఉంటున్న తెలుగు సారు ఒకనాడు ఇదంతా నిలబడి చూసి, "ఏమయ్యా, నువ్వేమన్న అష్టావధానివా?" అన్నారు. ఆ మాటలో మెప్పు ఎంత, హెచ్చరిక ఎంత అని నేను ఆలోచించలేదు. నాకు కావలసింది మాత్రం ఏరుకున్నాను. ఆ సాయంత్రమే నలుగురికి చెప్పుకున్నాను. ఇంకొన్నాళ్లకు ఊరంతా ఆ పేరుతోనే పిలవడం మొదలుపెట్టింది. పిలిచిన ప్రతిసారీ నా ఛాతీ జానెడు పెరిగేది.

అటు చూస్తే పోతన పుట్టిన బమ్మెర, ఇటు చూస్తే సోమనాథుడి పాలకుర్తి. అలాంటి చోట పుట్టి, కవులు ఏళ్ల తరబడి సాధన చేసి తెచ్చుకునే పేరును నేను జిరాక్స్ మిషన్ ముందు నిలబడి ఉత్తపుణ్యానికి తగిలించుకున్నాను.

మీరూ నాలాంటివాళ్లే అయి ఉంటారనే ధైర్యంతో చెబుతున్నాను. ఒకేసారి నాలుగు పనులు చేస్తుంటే లోపల ఒక మత్తు ఉంటుంది. నేను లేకపోతే లోకం ఆగిపోతుందన్నంత మత్తు. ఒక్క పని చేసుకుంటూ కూర్చున్నవాణ్ని చూస్తే జాలి వేసేది నాకు. అన్నం తినేటప్పుడు ఫోన్ చూడనివాడికి తెలివి తక్కువేమో అనుకునేవాణ్ని. కూర వంకాయదో బీరకాయదో నాకు తెలిసేది కాదు. మా ఇంటామె అడిగితే "మస్తుగున్నది" అనేవాణ్ని. ఒకరోజు ఆమె "ఇయ్యాల కూర వండలే, నువ్వు తిన్నది పచ్చిపులుసన్నం" అంది. అప్పుడైనా నాకు తెలివి రావలసింది, రాలేదు.

బండి మీదా ఇదే తీరు. హెల్మెట్‌లోకి ఫోన్ దూర్చి మాట్లాడుతూ జనగామ దాకా పోయి వచ్చేవాణ్ని. ఒకసారి మా పెద్దమ్మ రోడ్డు పక్కన నిలబడి చెయ్యెత్తింది. నా కళ్లు ఆమె వైపే ఉన్నాయట. మొహంలో మొహం పెట్టి చూసి, ఆపకుండా వెళ్లిపోయానట. "కండ్లు నెత్తికెక్కినయ్ వానికి" అని వాడకట్టంతా చెప్పింది. నేను నిజంగా చూడలేదంటే ఎవరూ నమ్మలేదు, పెద్దమ్మ అసలే నమ్మలేదు. అమెరికాలో యూటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ స్ట్రేయర్ అనే ఆయన బృందం డ్రైవింగ్ మీద చేసిన ప్రయోగాల గురించి చాలా కాలం తర్వాత చదివాను. ఫోన్‌లో మాట్లాడుతూ నడిపేవాళ్ల చూపు దారి పక్క వస్తువు మీద పడినా, తర్వాత అడిగితే దాన్ని చూసిన గుర్తే చాలామందికి ఉండటం లేదని 2003లో వాళ్లు ప్రకటించారు. ఫోన్ చేతిలో పట్టుకోకుండా మాట్లాడినా అంతే. కన్ను వస్తువు మీద ఆగుతుంది కానీ మనసు దాన్ని అందుకోదు. ఆ పేజీ పెద్దమ్మకు చదివి వినిపించాను. "అంటే నేను నిలబడ్డది నీకు వస్తువు లెక్క కనబడ్డదా?" అంది.

ఇవన్నీ చిన్నవి. మీ ముందు ఒప్పుకోవలసిన అసలు సంగతి వేరే ఉంది. దాన్ని దాటవేయాలని చాలాసేపటి నుంచి ఇటూ అటూ తిరుగుతున్నాను.

డిగ్రీ అడ్మిషన్ల కాలం. మన తెలంగాణలో 2016 నుంచి డిగ్రీ సీట్లు దోస్త్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో ఇస్తున్నారు. పిల్లలు కాలేజీలు, గ్రూపులు వరుసగా ఎంచుకుంటారు, మార్కులనూ రిజర్వేషన్‌నూ ఆ వరుసనూ చూసి సీటు వస్తుంది. వరుసలో ఏది ముందుంటే దాని కోసమే ముందు చూస్తారు కాబట్టి ఆ వరుసే పిల్లల రాత. మా పక్క ఊరి నుంచి ఒక గీత కార్మికుడి బిడ్డ వచ్చింది. ఇంటర్ బైపీసీ, మంచి మార్కులు. హనుమకొండలో ఆడపిల్లల సర్కారు కాలేజీలో మైక్రోబయాలజీ గ్రూపు కావాలని నోట్‌బుక్ కాయితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో వరుస రాసుకుని తెచ్చింది. అదే పూట ఇంకో పిల్లవాడు హైదరాబాద్ ప్రైవేటు కాలేజీల్లో బీకాం కోసం తన వరుసను నాకు వాట్సాప్‌లో పంపాడు.

అమ్మాయి లాగిన్ తెరిచాను. ఓటీపీ వచ్చింది, కొట్టాను. అప్పుడే ఫోన్ మోగింది, మా తమ్ముడు, పత్తి విత్తనాల సంగతి. మాట్లాడుతూనే ఒకాయనకు పాస్‌బుక్ జిరాక్స్ ఇచ్చాను. చిల్లర లేదంటే డ్రాయర్ వెతికాను. వాట్సాప్‌లో పిల్లవాడు "అన్నా, అయిందా" అని పెట్టాడు. "అవుతున్నది" అని కొట్టాను. కొట్టేటప్పుడు పైన వాడి వరుస కనిపించింది. వేళ్లు అదే ఊపులో స్క్రీన్ మీద ఆ కాలేజీలను నొక్కుకుంటూ పోయాయి, మొదటిది, రెండోది, మూడోది. తమ్ముడు రేటు చెబుతున్నాడు, నేను ఊఁ కొడుతున్నాను, ఎవరో లామినేషన్ అన్నారు, పెడతానన్నాను, సేవ్ నొక్కాను, ప్రింట్ ఇచ్చాను, మడిచి అమ్మాయి చేతిలో పెట్టాను. "అయిపోయిందా అంకుల్?" అంది. "నా చేతిలో పడ్డంక అయిపోకుండా ఉంటదా బిడ్డా" అన్నాను. ఆ పిల్ల నన్ను నమ్మి, ప్రింట్ విప్పి కూడా చూడలేదు. తర్వాత పిల్లవాడి లాగిన్ తెరిచి వాడి వరుస వాడికి సరిగ్గానే పెట్టాను. తప్పు ఒక్కచోటే జరిగింది, అదీ జరగకూడని చోట.

సీట్ల లిస్టు వచ్చిన రోజు అమ్మాయీ, వాళ్ల నాన్నా వచ్చారు. హైదరాబాద్‌లో పేరు కూడా వినని కాలేజీలో బీకాం. నేను మొదట సర్వర్ తప్పన్నాను. ఆ అబద్ధం నా నోట అంత సులువుగా ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అమ్మాయి ఏమీ అనకుండా మడిచిన ప్రింట్ తీసి కౌంటర్ మీద పరిచింది. దాని పక్కన తన నోట్‌బుక్ కాయితం పెట్టింది. రెండూ చూశాక నాకు నోట మాట రాలేదు. తప్పు నాదేనని అప్పుడు ఒప్పుకున్నాను. తండ్రి అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది. ఆయన ఒక్కటే అన్నాడు: "నువ్వు చూసి చేసినవనుకున్న అన్నా."

రెండో విడతలో వరుస మార్చాం. ఆమె కోరిన కాలేజీలోనే సీటు వచ్చింది గానీ మైక్రోబయాలజీ నిండిపోయింది. బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీలో చేరింది. చేతిలో ఉన్న మార్కులకు మొదటి విడతలోనే రావలసిన సీటు నా ఊఁ కొట్టడంలో పోయింది. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు.

అసలు నా తలకాయలో ఆ పూట ఏం జరిగిందో తెలుసుకోవాలన్న పట్టుదల అప్పుడే పుట్టింది. దొరికిందల్లా చదివాను, అర్థం కానిచోట పిల్లల్ని అడిగాను. చదివిన ప్రతిదీ నా గొప్పను ఒక్కో మెట్టు కిందికి దించింది.

వెల్‌ఫర్డ్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త 1952లోనే రాసిన సంగతి ఒకటి ఉంది. మనిషికి ఒక గుర్తు చూపించి, అది చూడగానే ఒక మీట నొక్కమంటారు. దాని వెన్నంటే, సెకనులో చిన్న భాగం గడిచేలోపు, రెండో గుర్తు చూపించి ఇంకో మీట నొక్కమంటారు. రెండోది ఎప్పుడూ ఆలస్యమవుతుంది. కన్ను రెంటినీ చూడగలదు, చేతులు రెండూ ఖాళీగానే ఉంటాయి. కానీ దేనికి ఏం చేయాలో నిర్ణయించే పని మాత్రం మెదడు ఒకదాని తర్వాత ఒకటిగానే చేస్తుంది, మొదటిది తేలేదాకా రెండోది వరుసలో నిలబడాల్సిందే. నేను నాలుగు పనులు కలిపి చేస్తున్నాననుకున్న ప్రతి నిమిషంలోనూ జరిగింది ఇదే. ఒకటి పట్టుకోవడం, వదలడం, ఇంకొకటి పట్టుకోవడం. మారిన ప్రతిసారీ కొంత సమయం పోతుంది, కొంత జ్ఞాపకం జారుతుంది. పైగా వదిలిన పని పూర్తిగా వదలదు. ఒక పని సగంలో ఆపి ఇంకో పనికి మారినప్పుడు మనసులో కొంత భాగం మొదటిదాని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించారు. పిల్లవాడి వరుస నా వేళ్లలో అలాగే ఉండిపోయింది.

పారిస్‌లో 2010లో సిల్వాన్ షారోన్, ఎతియెన్ కోష్లాన్ అనే ఇద్దరు 32 మందికి పనులు అప్పగించి, స్కానింగ్‌లో మెదడు ముందుభాగాన్ని చూశారు. ఒక్క పని ఉంటే ఆ భాగం కుడి, ఎడమ రెండు వైపులూ దానికే కట్టుబడి పనిచేశాయి. రెండో పని వచ్చేసరికి పంచుకున్నాయి, ఎడమవైపు ఒకదాన్ని, కుడివైపు ఇంకోదాన్ని గుర్తుపెట్టుకున్నాయి. మూడో పని ఇస్తే మాత్రం పంచుకోవడానికి మూడో వైపు లేదు. మూడింటిలో ఒకటి జారిపోతూ వచ్చింది. అది చదివి ఆ పూటను లెక్కబెట్టుకున్నాను. అమ్మాయి ఫారం, తమ్ముడి విత్తనాలు, పాస్‌బుక్, చిల్లర, వాట్సాప్, లామినేషన్. రెండు వైపులున్న తలకాయతో ఆరింటిని మోయబోయాను.

అయినా మనిషి ఆశ చావదు చూడండి. అందరూ ఒకేలా ఉండరు కదా, నేను ప్రత్యేకమేమో అని వెతికాను. దొరికింది కూడా! యూటా వాళ్లే 2010లో 200 మందిని డ్రైవింగ్ చేయిస్తూ, ఫోన్‌లో లెక్కలూ మాటలూ గుర్తుపెట్టుకునే పరీక్ష పెట్టారు. రెండు పనులు కలిపినా ఏ పనీ చెడనివాళ్లు నూటికి రెండున్నర మంది తేలారు. నేను ఆ రెండున్నరలో ఉన్నానని ఒక సాయంత్రమంతా సంబరపడ్డాను. మర్నాడు అదే విశ్వవిద్యాలయం నుంచి 2013లో వచ్చిన ఇంకో పరిశోధన కంటబడింది. 310 మంది విద్యార్థులను పరీక్షిస్తే, నిత్యం ఎక్కువ పనులు కలిపి చేసేవాళ్లే ఆ విద్యలో అందరికంటే తక్కువ సామర్థ్యం ఉన్నవాళ్లని తేలింది. పైగా ఈ పనిలో తాము సగటు కంటే మెరుగని నూటికి 70 మంది అనుకున్నారట. నా ఫోటో తీసి అచ్చేసినట్టే ఉంది. పుస్తకం మూసేశాను.

తెలుగు సారుకు ఇవన్నీ చెప్పి, ఆ పేరు ఇంక నాకు వద్దు సార్ అన్నాను. ఆయన ఓదార్చలేదు. "అసలు అష్టావధానం ఎప్పుడన్న చూసినవా?" అని అడిగారు. చూడలేదు. పేరు మాత్రం మోసుకు తిరిగాను. ఆ ఆదివారమే నన్ను హనుమకొండ తీసుకెళ్లారు.

చిన్న హాలు. మధ్యలో అవధాని, చుట్టూ ప్రశ్నలడిగే ఎనిమిది మంది పృచ్ఛకులు. ఒకాయన సమస్య ఇస్తాడు, అర్థం పొసగని పద్యపాదం ఒకటి. దాన్ని పొసగేలా పూరించాలి. ఒకామె దత్తపది, సంబంధం లేని నాలుగు మాటలిచ్చి భారతార్థంలో పద్యం అడిగింది. న్యస్తాక్షరిలో ఫలానా పాదంలో ఫలానా చోట ఫలానా అక్షరమే రావాలి. వర్ణన, ఆశువు సరేసరి. అన్నిటికంటే నన్ను భయపెట్టింది నిషిద్ధాక్షరి. అవధాని ఒక అక్షరం చెప్పగానే, తర్వాత ఏ అక్షరం రావచ్చో ఊహించి పృచ్ఛకుడు దాన్ని నిషేధిస్తాడు. దాన్ని వదిలి ఇంకో అక్షరంతో నడవాలి, ఛందస్సు తప్పకూడదు, అర్థం చెడకూడదు. ఈ నడుమ ఎక్కడో గంట మోగుతూ ఉంటుంది, ఎన్నిసార్లు మోగిందో చివర్లో చెప్పాలి. ఇక అప్రస్తుత ప్రసంగి పనల్లా మాటల్లో పెట్టి ఆయన ధ్యాస చెదరగొట్టడమే. ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదం చొప్పున చెప్పుకుంటూ నాలుగు చుట్లు తిరగాలి. రెండో చుట్టులో మొదటి పాదం ఎవరూ గుర్తు చేయరు.

నేను గెలవాలనే చూశాను. ఈయన కూడా నాలాగే పది పనులు కలిపి నెట్టుకొస్తున్నాడా అని కాపలా కాశాను. కాసేపటికి నాకు కనబడింది వేరు. సమస్య ఇచ్చినాయన వైపు తిరిగితే అవధాని మెడ, భుజాలు, చూపు మొత్తం అటే తిరిగాయి. ప్రశ్నను తన నోటితో ఒకసారి తిరిగి చెప్పుకున్నాడు. కళ్లు మూశాడు. ఆ కొద్దిసేపూ మిగతా ఏడుగురు ఆయనకు లేరు. పాదం చెప్పాడు, పృచ్ఛకుడు రాసుకునేలా ఇంకోసారి చెప్పాడు, అప్పుడు గానీ పక్కకు తిరగలేదు. సగం పాదం చెప్పి ఇంకొకరి దగ్గరికి వెళ్లలేదు. సారు నా చెవిలో అన్నారు: "ఎనిమిది పనులు ఒక్కసారి చేస్తున్నడనుకున్నవు కదా. చూడు, ఒక్క పనే చేస్తున్నడు, ఎనిమిదిసార్లు."

ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి. అదే నేనైతే వేళ్ల మీద లెక్కపెట్టుకోవాలి. ఆయనకు ఆ నడక ఏనాడో ఒంట్లో ఇంకిపోయింది కాబట్టి దానికి ఆలోచన ఖర్చు కాదు, ఆలోచనంతా అర్థం మీదే పెట్టగలడు. అమెరికాలో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం వాళ్లు 2009లో కొందరికి రెండు పనులు కలిపి చేయడంలో బాగా తర్ఫీదు ఇచ్చి స్కానింగ్ తీశారు. తర్ఫీదు తర్వాత కూడా మెదడు ముందుభాగంలో పనులు వరుసలోనే నడిచాయి, ఒక్కోదానికి పట్టే సమయం మాత్రం బాగా తగ్గింది. అవధానులను ఎవరూ ఆ యంత్రంలో పడుకోబెట్టినట్టు నేను చదవలేదు గానీ, ఆ హాల్లో నా కళ్లకు కనబడింది అదే.

అప్రస్తుత ప్రసంగిని చూసినప్పుడు నా ఫోన్ గుర్తొచ్చింది. పని అదే, ధ్యాస చెదరగొట్టడం. కానీ అక్కడ ఆయన ఎనిమిది కుర్చీల్లో ఒక కుర్చీలో కూర్చున్నాడు. అవధాని ఒక చమత్కారంతో జవాబిచ్చి తన పాదం దగ్గరికి తాను వచ్చేస్తున్నాడు. నా షాపులో ఆ ప్రసంగికే పెద్దపీట. తన జీవితం కౌంటర్ మీద పెట్టి నిలబడ్డ ఆ అమ్మాయి కంటే, ఎక్కడో మోగిన గంటకే నేను ముందు పలికాను.

చివర్లో ధారణ. మూడు గంటలు గడిచాక అవధాని ఒక్కొక్కరి పేరూ పిలిచి, వాళ్లు అడిగింది చెప్పి, పద్యం మొదటి అక్షరం నుంచి చివరిదాకా అప్పజెప్పాడు. గంట ఎన్నిసార్లు మోగిందో చెప్పాడు. హాలంతా చప్పట్లు. నాకు కళ్లు చెమర్చాయి. నా షాపులో సాయంత్రం షట్టర్ దించేటప్పుడు ఆ రోజు నా ముందు నిలబడ్డవాళ్లలో ఒక్కరి మొహమైనా నాకు గుర్తుండేది కాదు. ఎంతమంది వచ్చారో గల్లాపెట్టె చెప్పాలి.

తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి జంటగా శతావధానాలు చేస్తూ సంస్థానాలన్నీ తిరిగారని, కోరుట్లలో ఉండిన సిరిసినహల్ కృష్ణమాచార్యులు తెలంగాణలో తొలి శతావధాని అని, గరికిపాటి వారు 1116 మంది పృచ్ఛకుల మధ్య కూర్చున్నారని తిరుగు బస్సులో సారు చెబుతూనే ఉన్నారు. వంద మంది, వెయ్యి మంది అని వింటుంటే ఇదివరకైతే సంఖ్యకు మురిసేవాణ్ని. ఆ పూట నాకు అందులో వినబడింది వేరు. అంతమందిలో ప్రతి ఒక్కరికీ వాళ్ల పాదం వాళ్లకు దక్కింది. బస్సు జనగామ వైపు పరుగెడుతోంది. జేబులో ఫోన్ రెండుసార్లు కదిలింది. తీయాలని చెయ్యి పోయింది కూడా. సారు చెబుతున్నారు కదా అని ఆపుకున్నాను.

ఇప్పుడు షాపులో మానిటర్ నా వైపు లేదు, వచ్చినవాళ్ల వైపు తిప్పి పెట్టాను. నేను కొట్టే ప్రతి అక్షరం వాళ్లకు కనబడాలి, వాళ్లు చదివి సరే అన్నాకే సేవ్. ఫోన్ డ్రాయర్‌లో. ఫారం నింపుతున్నప్పుడు జిరాక్స్ అడిగితే ఆగమంటాను. కొందరు గొణుక్కుంటూ పక్క షాపుకు పోతున్నారు, గల్లా కొంచెం తగ్గింది. నా చెయ్యి ఇంకా పూర్తిగా మాట వినదు. డ్రాయర్ లోపల ఫోన్ గుర్రుమంటే వేళ్లు అటు పాకుతాయి. మా ఇంటామె ఎదురుగా ఉంటే డ్రాయర్ తాళం తీసి తన కొంగుకు కట్టుకుంటుంది. అదీ ఒక సాయమే.

మొన్న ఆ అమ్మాయి వచ్చింది, రెండో సంవత్సరం పరీక్ష ఫీజు కట్టడానికి. బోటనీ కూడా నచ్చుతోందట. నన్ను ఊరుకోబెట్టడానికి అందో, నిజంగానే అందో తెలియదు, నేను అడగలేదు. తన తమ్ముడు ఇంటర్ పాసయ్యాడని, వాడి దోస్త్ ఫారం కూడా ఇక్కడే నింపిస్తామని వాళ్ల నాన్న అన్నాడట. నేను నమ్మలేక ఆమె మొహంలోకి చూశాను.

"కానీ అంకుల్, మా తమ్ముని ఫారం నింపేటప్పుడు షాపుల ఇంకెవ్వలు ఉండద్దు" అంది.

షాపు తెరిచేది ఎనిమిదింటికి. వాళ్లను ఏడింటికి రమ్మన్నాను.